వికలాంగుల పింఛను: దయా? హక్కా?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం కుటుంబ తగవులు, పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాల గురించే ఉంటాయి. అయితే కొంతకాలంగా మరొక రకం ఉత్తరాలు కూడా వస్తున్నాయి. నడవలేని కొడుకు గురించి ఒక తల్లి, చూపు పోయిన భర్త గురించి ఒక భార్య, నోటీసు అందుకున్న ఒక వృద్ధుడు వ్రాశారు. ఈ ఉత్తరాలన్నిటిలోను ఒకే ధోరణి కనబడుతున్నది. "వాళ్ళు దయతలచి ఇస్తే చాలు అయ్యగారూ" అని అందరూ వ్రాస్తున్నారు. అందుకే ఈ నెల పేజీ అంతా ఈ ఒక్క విషయానికే కేటాయించాను.

నేను వకీలును కాను, సంఘ కాపరిని. అయినా చట్టంలో ఉన్నదేమిటో తెలుసుకొని చెప్పడానికి వకీలే కానక్కరలేదు. ఆఫీసు కాగితాలలో ఇప్పుడు దివ్యాంగులు అని వ్రాస్తున్నారు. మన ఇళ్ళలో వికలాంగులు అనే మాటే ఇంకా నడుస్తున్నది. ఏ మాట వాడినా చట్టం ఒక్కటే. 1995లో మొదట ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం చేశారు. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టం పేరులోనే హక్కులు అనే మాట ఉన్నదని గమనించండి. ఇక ప్రశ్నలలోకి వెళదాం.

ప్రశ్న: మా బాబుకు పుట్టుకతోనే ఒక కాలు సరిగా లేదు. స్వస్థత కొరకు ప్రార్థిస్తున్నాము. ఇప్పుడు వికలాంగుల సర్టిఫికెట్ తీసుకుంటే అది అవిశ్వాసమవుతుందని మా అత్తగారంటున్నారు. పైగా బిడ్డకు ముద్ర పడుతుందని మావారి భయం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, జ్వరం వచ్చిన బిడ్డకు ప్రార్థన చేసి మందు కూడా వేస్తాము. మందు వేసినందున మన ప్రార్థన తగ్గిపోలేదు గదా! సర్టిఫికెట్ అనేది ఈ రోజు బిడ్డ పరిస్థితి ఇది అని డాక్టరు వ్రాసి ఇచ్చే నిజం. నిజం వ్రాయించుకోవడం అవిశ్వాసం కాదు. ఇక ముద్ర సంగతి. బిడ్డ కాలు ఊరందరికీ కనబడుతూనే ఉన్నది. సర్టిఫికెట్ లేనందువలన దాగేది ఏమీ లేదు, బిడ్డకు రావలసినది రాకపోవడం మాత్రం ఉన్నది. "ఎవరి పాపం వలన ఇలా పుట్టాడు" అని అడిగేవారు కూడా మన మధ్యలో ఉన్నారు. వారు యోహాను సువార్త 9వ అధ్యాయం మరొకసారి చదువుకుంటే మంచిది. పుట్టు గ్రుడ్డివాని గురించి శిష్యులు అడిగిన ఆ ప్రశ్నను ప్రభువు అక్కడే త్రోసిపుచ్చాడు.

సర్టిఫికెట్ ఉంటే మీ బాబుకు కలిగే మేలు వినండి. 40 శాతం లేక అంతకంటె ఎక్కువ వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకొనే హక్కు చట్టం ఇచ్చింది. ఆ తరువాత ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలలో కనీసం 5 శాతం సీట్లు, వయోపరిమితిలో 5 ఏళ్ళ సడలింపు, ప్రభుత్వ ఉద్యోగాలలో కనీసం 4 శాతం పోస్టులు కేటాయించారు. ఇవన్నీ సర్టిఫికెట్ ఉంటేనే దక్కుతాయి.

ప్రశ్న: సదరం సర్టిఫికెట్ వేరు, యూడీఐడీ కార్డు వేరా? ఎక్కడ తిరగాలో తెలియడం లేదు.

జవాబు: సదరం అనేది మన తెలుగు రాష్ట్రాలలో ఏళ్ళ తరబడి నడిచిన పరీక్షా విధానం. డాక్టర్ల బోర్డు పరీక్షించి శాతం నిర్ణయిస్తుంది. యూడీఐడీ అంటే దేశమంతటికీ ఒకటే నంబరు ఉండే కార్డు. క్రమేణా అన్నీ ఈ కార్డు క్రిందికే వస్తున్నాయి. మీసేవలోనో, ఆంధ్రలోనైతే మనం సచివాలయాలని పిలుచుకొనే గ్రామ, వార్డు కార్యాలయాలలోనో అడిగితే దరఖాస్తు చేయించి, పరీక్షకు ఏ రోజు, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చెప్తారు. ఆధార్, ఫోటో, చిరునామా రుజువు, పాత డాక్టరు చీటీలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు వెంట ఉంచుకోండి. పాత కాగితాలను పారవేయకండి. బోర్డు ముందు మీ మాటకంటె అవే ఎక్కువ పలుకుతాయి.

పరీక్ష తరువాత సర్టిఫికెట్ అయినా ఇవ్వాలి, లేదా ఫలానా కారణంగా ఇవ్వడం లేదని వ్రాతపూర్వకంగా అయినా చెప్పాలి. ఇది చట్టంలో ఉన్న మాట. "లేదు, వెళ్ళండి" అని నోటితో చెప్పి పంపివేయడం జవాబు కాదు. సర్టిఫికెట్ మీద "తాత్కాలికం" అని ఉంటే గడువు తేదీని కేలండరులో వ్రాసుకోండి. ఆ తేదీకి ముందే మరల పరీక్షకు దరఖాస్తు చేయాలి.

ప్రశ్న: మా పాపకు కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి. తలసీమియా ఉన్నందున నెలనెలా రక్తం ఎక్కించాలి. ఇది కూడా వైకల్యమేనా?

జవాబు: అవునమ్మా. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో వాటిని 21కి పెంచారు. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి వాటిలో ఉన్నాయి. ఆటిజం, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, మానసిక వ్యాధి, చదవడంలో వ్రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బందులు, మరుగుజ్జుతనం, కుష్ఠు నయమైన తరువాత మిగిలిన వైకల్యం, యాసిడ్ దాడికి గురైనవారు, వీరందరూ చట్టం పరిధిలోకి వస్తారు. కంటికి కనబడేదే వైకల్యమనే ఆలోచన మానుకోవాలి. మీ పాపకు చికిత్స చేస్తున్న డాక్టరుగారిచ్చిన రికార్డులు తీసుకొని దరఖాస్తు చేయండి.

ప్రశ్న: బోర్డు నాకు 35 శాతం వేసింది. పోలియో కాలుతో యాభై ఏళ్ళుగా నడుస్తున్నాను. ఇక నాకు దారి లేదా?

జవాబు: ఉన్నది. చట్టంలోని 59వ సెక్షను అప్పీలు చేసుకొనే హక్కు ఇచ్చింది. ప్రభుత్వం నియమించిన పై అధికారికి దరఖాస్తు పెట్టి మరల పరీక్ష కోరవచ్చు. అప్పీలుకు గడువు ఉంటుంది గనుక సర్టిఫికెట్ చేతికి వచ్చిన వారంలోనే, జిల్లాలోని వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్ళి ఎవరికి, ఏ రీతిగా పెట్టాలో అడగండి. దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

మరొక మాట. 40 శాతం అనేది పింఛను, రిజర్వేషను వంటి కొన్ని మేళ్ళకు పెట్టిన గీత మాత్రమే. ఆ గీతకు దిగువన ఉన్నవారికి హక్కులే లేవని కాదు. వివక్ష చూపకూడదన్న రక్షణ, అవసరమైన తగిన సదుపాయం అడిగే హక్కు వికలాంగులందరికీ ఉన్నాయి. చేతి కండరాలు పట్టివేయడం వలన వ్రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పరీక్షలో వ్రాసిపెట్టే సహాయకుణ్ణి ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలని పట్టుబట్టకూడదన్నది.

ప్రశ్న: పింఛను ఎంత వస్తుంది? పెళ్ళయి ఖమ్మం వెళ్ళిన మా చెల్లెలికి, గుంటూరులో ఉన్న నాకు తేడా ఎందుకు?

జవాబు: పింఛను మొత్తం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు చేశారు. పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత వంటి వాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 చేశారు. తెలంగాణలో ఆసరా పింఛనును 2023లో 3,016 నుండి 4,016కు పెంచారు. కేంద్రం వాటా మాత్రం చాలా చిన్నది. 80 శాతం వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న పెద్దలకు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం క్రింద 300 రూపాయలిస్తుంది. మిగిలినదంతా రాష్ట్రం భరిస్తుంది. కుటుంబ ఆదాయం, భూమి, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం ఉన్నదా అనేవి కూడా చూస్తారు.

వైకల్య సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. పింఛను మాత్రం నివాసమున్న రాష్ట్రంలోనే తీసుకోవాలి. మీ చెల్లెలు ఆధార్‌లో ఖమ్మం చిరునామా మార్పించుకొని అక్కడ దరఖాస్తు చేయాలి. రెండు చోట్లా తీసుకోవడం నేరం.

ఈ పేజీ పేరులో ఉన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చెప్తాను. పింఛను ఎంత ఇవ్వాలి, ఏ నియమాలు పెట్టాలి అన్నది ప్రభుత్వం తన స్తోమతను బట్టి నిర్ణయిస్తుంది. ఆ మాట చట్టంలోనే ఉన్నది. అయితే ఇతరులకున్న అటువంటి పథకాలకంటె వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని కూడా అదే చట్టం 24వ సెక్షనులో చెప్పింది. ఒకసారి నియమాలు ప్రకటించిన తరువాత, వాటికి సరిపోయిన మనిషిని "నా ఇష్టం" అని వెనక్కి పంపే అధికారం ఏ గుమాస్తాకూ లేదు. దయ అయితే అడిగేవాడు చేతులు కట్టుకొని నిలబడాలి. హక్కు గనుక కాగితం పట్టుకొని నిలబడవచ్చు.

ప్రశ్న: పదేళ్ళుగా పింఛను తీసుకుంటున్నాను. మళ్ళీ పరీక్షకు పిలిచి, శాతం తగ్గించి, పింఛను ఆపుతామని నోటీసు ఇచ్చారు. ఈ వయసులో ఎవరిని అడగను?

జవాబు: 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ పరీక్షలు పెద్ద ఎత్తున జరిగాయి. 40 శాతానికి తక్కువ అని తేలినవారికి నోటీసులు వెళ్ళాయి. అప్పీలు చేసుకున్నవారికి మరల పరీక్ష చేయించుకొనే అవకాశం కూడా ఇచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయడానికి పరీక్షలు పెట్టడం ప్రభుత్వం చేయవలసిన పనే. కాని నిజమైన వికలాంగుడు ఆ జల్లెడలో పడిపోకూడదు.

నోటీసును చించివేయకండి, భయపడి ఇంట్లో కూర్చోకండి. దాని మీద ఉన్న తేదీ చూడండి. గడువులోగా అప్పీలు పెట్టండి. పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, వైద్య రికార్డులు జతచేయండి. మంచం దిగలేనివారైతే ఆ సంగతి దరఖాస్తులో స్పష్టంగా వ్రాయించండి. కారణం చెప్పకుండా, మీ మాట వినకుండా పింఛను ఆపివేయడం న్యాయసూత్రాలకు విరుద్ధం.

అప్పీలు మీద ఉలుకూ పలుకూ లేకపోతే మూడు మార్గాలున్నాయి. మొదటిది, 2005 సమాచార హక్కు చట్టం క్రింద "నా దరఖాస్తు ఏమైనది" అని వ్రాసి అడగడం. 30 రోజులలో జవాబివ్వాలి. రెండవది, రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయడం. ఆ కమిషనరుకు విచారణలో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. మూడవది, జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెప్తున్నది. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా చెప్తారు.

ప్రశ్న: మేము ఎస్సీ నుండి వచ్చిన క్రైస్తవులము. కాగితాలలో బీసీ-సీ అని ఉన్నది. మా అమ్మాయికి వికలాంగుల కోటా వర్తిస్తుందా? మతం గురించి అడుగుతారా?

జవాబు: వైకల్య సర్టిఫికెట్‌కు, వికలాంగుల పింఛనుకు, వికలాంగుల కోటాకు మతంతోను కులంతోను పని లేదు. వికలాంగుల రిజర్వేషను అన్ని కులాల వరుసలకూ అడ్డంగా వెళ్ళే రిజర్వేషను. అంటే మీ అమ్మాయి వికలాంగుల కోటాలో ఎంపికైతే, ఆమె బీసీ-సీ గనుక ఆ వర్గపు లెక్కలో ఆ పోస్టు చూపుతారు. రెండు సర్టిఫికెట్లూ దగ్గర ఉంచుకోండి. ఒకటి రెండవదానికి అడ్డు రాదు.

ప్రశ్న: మావారు డ్రైవరుగా ప్రభుత్వ రంగంలో పని చేస్తూ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నారు. ఇంటికి పొమ్మంటున్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయం కాదమ్మా. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనిలో వేయాలి. అటువంటి ఖాళీ లేకపోతే ఖాళీ వచ్చే వరకో, పదవీ విరమణ వరకో అదనపు పోస్టులో ఉంచాలి. ఇది 20వ సెక్షను. రంగులు గుర్తించలేడని తెలంగాణ ఆర్టీసీ నుండి ముందుగానే పంపివేయబడిన ఒక డ్రైవరు విషయంలో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేరే పని చూపే ప్రయత్నం చేయకుండా ఇంటికి పంపడం తప్పని, తగిన ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. మావారి చేత స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారేమో, జాగ్రత్త అని మీలాంటి ప్రతి ఇల్లాలికీ చెప్తున్నాను. వకీలుకు చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏళ్ళు. బుద్ధి ఎదగలేదు. నేను ప్రభుత్వ టీచరుగా చేస్తున్నాను. మా తరువాత వాడి గతి ఏమిటని రాత్రుళ్ళు నిద్ర పట్టదు.

జవాబు: మాష్టారూ, మీ ఉత్తరం చదివి చాలాసేపు ప్రక్కన పెట్టలేకపోయాను. మీరు బ్రతికి ఉండగానే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, సంరక్షకత్వం. 18 ఏళ్ళు నిండిన తరువాత చట్టం దృష్టిలో మీ అబ్బాయి పెద్దవాడు. అతని తరపున ఆస్తి, బ్యాంకు వ్యవహారాలు చూడాలంటే తల్లిదండ్రులకైనా కాగితం కావాలి. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం క్రింద సంరక్షకుణ్ణి నియమిస్తారు. జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. ఇదే ట్రస్టు క్రింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉన్నది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి పనికివస్తుంది.

రెండవది, కుటుంబ పింఛను. ప్రభుత్వ ఉద్యోగి పిల్లలకు అది మామూలుగా ఒక వయసు వరకే వస్తుంది. తనంతట తాను సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి మాత్రం జీవితాంతం వస్తుంది. మీ సర్వీసు రికార్డులోని కుటుంబ వివరాలలో అబ్బాయి పేరు, అతని వైకల్యం ఇప్పుడే నమోదు చేయించండి. మీ తరువాత ఆఫీసుల చుట్టూ తిరిగే పని మీ అబ్బాయి చేయలేడు.

మూడవది, ఆదాయపు పన్ను. పాత పద్ధతిలో పన్ను లెక్క కట్టించుకునేవారికి, తమ మీద ఆధారపడిన వికలాంగుని పోషణ నిమిత్తం 75,000 రూపాయలు, 80 శాతం పైబడితే 1,25,000 రూపాయలు ఆదాయంలో తగ్గింపు ఉన్నది. రైలు ప్రయాణంలో కూడా కొన్ని తరగతులలో మీ అబ్బాయికి, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ ఉన్నది. అయితే దానికి రైల్వే వారి నమూనాలో ప్రత్యేకంగా సర్టిఫికెట్ తీసుకోవాలి.

ప్రశ్న: ఇరవై వేలిస్తే 60 శాతం వేయిస్తానని ఒకాయన అంటున్నాడు. నాకు వైకల్యం నిజంగానే ఉన్నది. ఇస్తే తప్పా?

జవాబు: తప్పే. వైకల్యం నిజంగా ఉన్నప్పుడు డబ్బు ఎందుకు? లేనిదానిని ఉన్నట్టు చూపి మేలు పొందితే 91వ సెక్షను ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకంటె పెద్ద నష్టం మరొకటున్నది. దొంగ సర్టిఫికెట్లు పెరిగినప్పుడల్లా నిజమైన వికలాంగులను మరల మరల పరీక్షలకు పిలుస్తారు. మంచం మీద ఉన్న ముసలాయనను ఆటోలో వేసుకొని ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తున్నదంటే, అందులో ఆ దళారి పాలు కూడా ఉన్నది.

ప్రియమైన పాఠకులారా, ఉత్తరాలకు జవాబు వ్రాయడం ఒక ఎత్తు. వాటిని పని రూపంలోకి తేవడం మరొక ఎత్తు. ప్రతి సంఘంలో ఫోను బాగా తెలిసిన యువకులున్నారు. వారిలో ఇద్దరు ముందుకు వచ్చి ఊరిలో సర్టిఫికెట్ లేని వికలాంగుల పేర్లు వ్రాసుకుంటే చాలు. అన్ని మతాల వారినీ అందులో చేర్చండి. దరఖాస్తు నింపడం, పరీక్ష రోజున తోడు వెళ్ళడం, గడువు తేదీ గుర్తుచేయడం, ఈ మూడు పనులు చేసిపెడితే ఆ ఇంటికి ఎంత పెద్ద ఆదరణో మీరే చూస్తారు. మన మందిరం మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కడానికి ఏటవాలు దారి ఉన్నదో లేదో కూడా వచ్చే ఆదివారం ఒకసారి చూడండి.

పింఛను మొత్తాలు, నియమాలు ప్రభుత్వాలు మారుస్తూ ఉంటాయి గనుక దరఖాస్తు పెట్టే ముందు ఆఫీసులో ఒకసారి అడిగి సరిచూసుకోండి. ఎవరు ఏమి చెప్పినా వ్రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి. మిగిలిన ఉత్తరాలకు వచ్చే నెల జవాబులు వ్రాస్తాను.

దేవుడు మిమ్మును దీవించును గాక.